ట్రైపాడ్ నిలబెట్టేలోపే వెలుగు పోతోంది: ప్రయాణాల్లో త్వరగా సిద్ధమయ్యే సపోర్ట్ ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మిర్రర్‌లెస్ కెమెరా, 24-105 మి.మీ. జూమ్ లెన్స్, అప్పుడప్పుడు 70-200. ఒంటరిగా కాదు, నలుగురితో కలిసి తిరుగుతారు. సాయంత్రం వెలుతురు బాగున్నచోట ఆగి, బ్యాగులోంచి ట్రైపాడ్ తీసి, కాళ్లు లాగి, కెమెరా బిగించేసరికి రెండు నిమిషాలు పడుతోంది. ఈలోపు వెలుగు మారిపోతోంది, వెంట వచ్చినవాళ్లు ముందుకెళ్లిపోతున్నారు. దాంతో ట్రైపాడ్‌ను గదిలోనే వదిలేసి వెళ్తున్నారు. క్షణాల్లో తెరుచుకునే స్టాండ్ కొనాలా, కొంటే ఏ రకం కొనాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఇప్పుడప్పుడే కొత్త ట్రైపాడ్ కొనకండి. ముందు మూడు పనులు చేయండి. కెమెరాకు ప్లేట్ (కెమెరాను ట్రైపాడ్‌కు తగిలించే చిన్న పలక) బిగించి ఇక తీయకండి. ట్రైపాడ్‌ను బ్యాగ్ లోపల కాకుండా బయట, ఒక్క బకిల్‌తో ఊడి వచ్చేలా తగిలించండి. ఫ్రేమ్ చేత్తోనే చూసుకుని, ఖాయం చేసుకున్నాకే కాళ్లు తెరవండి. మీ రెండు నిమిషాలు అరనిమిషానికి దిగుతాయి. దీనికి తోడు జానెడు పొడవుండే గట్టి టేబుల్‌టాప్ ట్రైపాడ్ ఒకటి ఎప్పుడూ చేతికందేలా ఉంచుకోండి. ఇవన్నీ చేశాక కూడా ఆలస్యమవుతుంటే అప్పుడు కాళ్ల గురించి, లాక్‌ల గురించి ఆలోచిద్దాం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి గడియారం పెట్టి చూశాను. నేను పద్దెనిమిదేళ్లుగా ప్రయాణ చిత్రాలు తీస్తున్నాను, చిన్న చిన్న బృందాలను వెంట తీసుకెళ్తుంటాను. అందులో ఒకతను అచ్చం మీలాగే, "నా ట్రైపాడ్ స్లో అండీ, మార్చేస్తా" అన్నాడు. మర్నాడు పొద్దున అతనికి చెప్పకుండా ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాను. మొత్తం 1 నిమిషం 50 సెకన్లు. బ్యాగ్ భుజం నుంచి దించి, రెయిన్ కవర్ తీసి, రెండు పట్టీలు విప్పడానికి 25 సెకన్లు. ట్రైపాడ్‌ను దాని సంచీలోంచి బయటికి లాగడానికి 10. కాళ్లు తెరవడానికి 30. జిప్ అరలో ప్లేట్ వెతికి, నాణెంతో తిప్పి కెమెరాకు బిగించడానికి 35. హెడ్, అంటే కాళ్ల పైన కెమెరా కూర్చునే తిరిగే భాగం, సరిచేసుకోవడానికి 10.

కాళ్లకు పట్టింది 30 సెకన్లే. ప్రపంచంలో అన్నిటికంటే వేగంగా తెరుచుకునే ట్రైపాడ్ కొన్నా అతనికి మిగిలేది మహా అయితే 20 సెకన్లు. మిగతా 80 సెకన్లు అలాగే ఉంటాయి. ఆ సాయంత్రం అతని కెమెరాకు ప్లేట్ బిగించేశాం, సంచీ గదిలో పడేశాం. అదే ట్రైపాడ్ 40 సెకన్లలో నిలబడింది. మీరూ ఇంట్లో ఒకసారి ఇలా కొలిచి చూడండి. ఎక్కడ సమయం పోతోందో తెలియకుండా డబ్బు పెడితే పోయేది డబ్బే.

ఆ సెకన్లకు అంత విలువ ఎందుకో కూడా చెప్పాలి. సూర్యుడు అస్తమించాక 6 డిగ్రీలు కిందికి దిగేదాకా ఉండే వెలుగును సివిల్ ట్వైలైట్ అంటారు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు చొప్పున ఇది 20 నిమిషాలకు కాస్త పైన అయిపోతుంది. అందులో ఆకాశపు నీలం, కిటికీల్లోని దీపాలు ఒకదానికొకటి సరితూగే భాగం నా అనుభవంలో పది నిమిషాలు కూడా ఉండదు. పది నిమిషాల్లో మూడు చోట్ల నిలబడాలంటే, చోటుకు రెండు నిమిషాలు ట్రైపాడ్‌కే ఇస్తే చూడటానికి ఏం మిగులుతుంది? ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఈ వెలుగు చాలాసేపు సాగుతుంది, అక్కడ ఇంత టెన్షన్ ఉండదు.

ప్లేట్ సంగతి. కెమెరా అడుగున ఉండే మర 1/4 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. ఇది ఐఎస్ఓ 1222 అనే అంతర్జాతీయ ప్రమాణం, ఏ కంపెనీ కెమెరా అయినా దాదాపు ఇదే. కానీ ప్లేట్‌కూ హెడ్‌కూ మధ్య అలాంటి ప్రమాణం లేదు. ఆర్కా-స్విస్ తరహా ప్లేట్, అంటే దాదాపు 38 మి.మీ. వెడల్పుతో, అంచులు ఏటవాలుగా ఉండేది, వాడుకలో ప్రమాణంలా స్థిరపడింది. కొత్తగా కొనేదేదైనా ఈ తరహాలోనే కొనండి, లేకపోతే ఒక్కో హెడ్‌కు ఒక్కో ప్లేట్ మోయాల్సి వస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. ఆర్కా తరహా అని అమ్మే ప్లేట్లన్నీ కచ్చితంగా ఒకే వెడల్పు ఉండవు, మిల్లీమీటర్‌లో కొంత తేడా వస్తుంది. హెడ్ మీద ప్లేట్‌ను పట్టుకునే భాగం క్లాంప్. నాబ్ తిప్పి బిగించే క్లాంప్ ఈ తేడాను సర్దుకుంటుంది. లివర్‌తో టక్కున మూసే క్లాంప్ చాలాసార్లు సర్దుకోదు. ఒక కంపెనీ లివర్‌లో ఇంకో కంపెనీ ప్లేట్ పెడితే, మూసినట్టే ఉంటుంది కానీ లోపల వదులుగా ఉంటుంది. నేను చేసే పరీక్ష ఇది: లివర్ మూశాక, చేయి కెమెరా మీద నుంచి తీయకుండా, ముందుకూ వెనక్కూ ఒకసారి గట్టిగా లాగుతాను. వేలి కొనకు సన్నటి 'టిక్' తగిలినా ఆ జోడీని వాడను. వేగం కోసం లివర్ మంచిదే, ప్లేటూ క్లాంపూ ఒకే కంపెనీవి అయితే.

ప్లేట్ కెమెరా కింద మెల్లగా తిరిగిపోవడం ఇంకో తలనొప్పి. నిలువు ఫ్రేమ్ పెట్టగానే లెన్స్ బరువుకు కెమెరా వంగిపోతుంది. వెనక చిన్న అంచు ఉన్న ప్లేట్ అయితే అది కెమెరా ఒంటికి ఆనుకుని తిరగనివ్వదు. ఇంకా మంచిది ఎల్-బ్రాకెట్, అంటే కెమెరా అడుగునూ ఒక పక్కనూ పట్టే ఎల్ ఆకారపు ప్లేట్. అడ్డం నుంచి నిలువుకు మార్చాలంటే కెమెరాను తీసి పక్క అంచు మీద పెట్టడమే, 3 సెకన్ల పని. అది లేకపోతే బాల్‌హెడ్‌ను (గుండు మీద ఎటైనా తిరిగే హెడ్) పక్కకు వాల్చి, ఫ్రేమ్ అంతా మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి. కెమెరా బరువు కూడా ఒక పక్కకు వేలాడుతుంది. ప్రయాణాల్లో నేను నిలువు ఫ్రేములు ఎక్కువ తీస్తాను, అందుకే ఎల్-బ్రాకెట్ నాకు ట్రైపాడ్ కాళ్లకంటే ముఖ్యం. మీ 70-200కు కాలర్ (లెన్స్‌ను చుట్టి పట్టే, కింద పాదం ఉన్న కడియం) ఉంటే దాని పాదానికి కూడా ఒక ప్లేట్ వేసి ఉంచేయండి. ఈ మరలు ప్రయాణంలో కుదుపులకు వదులవుతాయి, కాబట్టి వాటికి సరిపోయే అలెన్ కీ ఒకటి పర్సులో పెట్టుకోండి. నాణెంతో బిగించింది ఎప్పుడూ సరిగ్గా బిగవదు.

మోసే తీరు. ట్రైపాడ్‌తో వచ్చే సంచీని ఇంట్లో వదిలేయండి. బ్యాగ్ పక్క జేబులో పాదాలు కిందికి ఉండేలా నిలబెట్టి, పైన ఒకే పట్టీ వేయండి. వీపు మీద నుంచి బ్యాగ్‌ను ఒక భుజం మీదికి తిప్పగానే చేతికి అందాలి. బ్యాగ్ నేల మీద పెట్టే పని పడితే అప్పుడే పావు నిమిషం పోయినట్టు. వెలుతురు దగ్గరపడే ఆ చివరి గంట మాత్రం నేను తగిలించను కూడా, చేతిలోనే పట్టుకుని నడుస్తాను.

ఇక మూడోది, అన్నిటికంటే ఎక్కువ సమయం మిగిల్చేది: ముందు కెమెరా, తర్వాత కాళ్లు. చాలామంది ట్రైపాడ్ తెరిచి, కళ్ల ఎత్తుకు పెంచి, కెమెరా బిగించి, అప్పుడు వ్యూఫైండర్‌లోంచి ఏముందా అని చూస్తారు. అక్కడ ఫ్రేమ్ బాగోదు. రెండడుగులు పక్కకు జరుపుతారు, ఒక కాలు పొట్టి చేస్తారు, మళ్లీ చూస్తారు. ఈ సర్దుబాటులో పోయే సమయాన్ని ఎవరూ లెక్కపెట్టరు, పోయేదంతా ఇక్కడే. దానికి బదులు కెమెరా చేత్తో పట్టుకుని తిరగండి. వంగి చూడండి, మోకాళ్ల మీద చూడండి, అడుగు ముందుకు వేసి చూడండి. ఇదే ఫ్రేమ్ అనిపించినచోట కదలకుండా నిలబడి రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి: కెమెరా మీ ఒంటిమీద ఏ ఎత్తులో ఉంది, లెన్స్ ఎన్ని మి.మీ. దగ్గర ఉంది. ఛాతీ ఎత్తా, నడుము ఎత్తా? ఆ ఎత్తుకు ఎన్ని సెక్షన్లు (కాలులో ఒకదానిలోంచి ఒకటి వచ్చే గొట్టాలు) లాగాలో ముందే తెలిసి ఉంటే ట్రైపాడ్ ఒక్కసారికే సరైన చోట నిలబడుతుంది. నాకు పై రెండు సెక్షన్లు లాగితే నడుము, మూడూ లాగితే గడ్డం. ఈ లెక్క మీ ట్రైపాడ్‌కు మీరే వేసుకోండి.

నడుము ఎత్తు చాలా ఫ్రేములకు చాలు. స్క్రీన్ పైకి తిప్పుకుని చూడొచ్చు. పైగా లావు సెక్షన్లు మాత్రమే తెరిస్తే తెరవడమూ మూయడమూ సగం సమయం, గాలికి ఊగడమూ తక్కువ. సన్నటి చివరి సెక్షన్ నేను తెరిచేది పిట్టగోడో కంచో అడ్డొచ్చినప్పుడే. సెంటర్ కాలమ్ (మధ్యలో పైకి జరిగే గొట్టం) లేపడం అంతకంటే అరుదు. అది లేపితే మూడు కాళ్ల మీద ఒక ఒంటికాలు నిలబెట్టినట్టే.

ఇప్పుడు కాళ్ల గురించి, ఎందుకంటే మీరు అడిగింది అదే.

లాక్‌ల లెక్క చూడండి. మూడు సెక్షన్ల ట్రైపాడ్‌కు కాలికి 2 చొప్పున 6 లాక్‌లు. నాలుగు సెక్షన్లయితే 9. అయిదయితే 12. మడిచినప్పుడు ఎంత పొట్టిగా ఉంటే అంత ఎక్కువ లాక్‌లు, అడుగున అంత సన్నటి గొట్టం. బ్యాగ్‌లో పట్టడం కోసం పొట్టిది కొంటే తెరిచేటప్పుడు ఆ మూల్యం చెల్లిస్తాం. కాళ్లు వెనక్కి 180 డిగ్రీలు తిరిగి హెడ్‌ను చుట్టుకుని మడిచే ట్రావెల్ ట్రైపాడ్లు పొడవు బాగా తగ్గిస్తాయి. కానీ ప్రతిసారీ మూడు కాళ్లనూ వెనక నుంచి ముందుకు తిప్పాలి. వేగమే ముఖ్యమైతే, రోజంతా తిరిగేటప్పుడు వాటిని వెనక్కి మడవకుండా మామూలుగానే మూసి పట్టుకోండి. వెనక్కి మడవడం పెట్టెలో సర్దేటప్పుడు చాలు.

తిప్పి బిగించే ట్విస్ట్ లాకా, మీటతో మూసే ఫ్లిప్ లాకా? ఫ్లిప్ లాక్ కళ్లకు కనిపిస్తుంది. మూసి ఉందో తెరిచి ఉందో చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. ట్విస్ట్ లాక్ నున్నగా ఉంటుంది, పట్టీలకు చిక్కుకోదు. పని తెలిసిన చేతికి అదే వేగం. ఒడుపు ఇదీ: కాలు మూసి ఉన్నప్పుడు లాక్‌లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. అరచేత్తో అన్నిటినీ కలిపి పట్టుకుని ఒకేసారి పావు చుట్టు తిప్పండి, అన్నీ వదులవుతాయి. పాదం పట్టుకుని ఒక్క లాగు, కాలు మొత్తం వచ్చేస్తుంది. తర్వాత పై నుంచి కిందికి ఒక్కోటి బిగించుకుంటూ రావడమే. చాలామంది ఒక్కో లాక్‌నూ రెండు మూడు చుట్లు తిప్పేస్తారు, అందుకే వాళ్లకు ట్విస్ట్ లాక్ అంటే విసుగు. పావు చుట్టు చాలు. నేను ట్విస్ట్ వాడతాను, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఫ్లిప్ చెబుతాను.

ఇంకా వేగం కోసం చేసిన ట్రైపాడ్లు లేకపోలేదు. మాన్‌ఫ్రోటో కంపెనీ నియోటెక్ పేరుతో ఒకటి చేసింది. కాలు పట్టుకుని కిందికి లాగితే ఎక్కడ ఆపితే అక్కడ దానంతట అదే లాక్ అవుతుంది, మూయడానికి ఒక మీట నొక్కితే చాలు. తెరవడంలో దాన్ని మించింది నేను చూడలేదు. కానీ అది బరువైనది, పొడవైనది, ప్రయాణానికి నప్పదు. దీనికి అవతలి కొస పీక్ డిజైన్ ట్రావెల్ ట్రైపాడ్, 2019లో వచ్చింది. కాళ్లను గుండ్రంగా కాకుండా, మధ్యలో ఖాళీ లేకుండా ఒకదానికొకటి అతుక్కునేలా మలిచారు. మడిస్తే 39 సెం.మీ., కార్బన్‌ది 1.27 కిలోలు, అల్యూమినియంది 1.56 కిలోలు. అయిదు సెక్షన్లు ఉన్నా లివర్లు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ఒక చేత్తోనే వరసగా తెరిచేయొచ్చు. పక్క జేబులో నీళ్ల సీసాలా కూర్చుంటుంది. బాగుంది, కానీ చివరి సెక్షన్ సన్నగా ఉంటుంది, గాలిలో 70-200తో దాన్ని పూర్తి ఎత్తుకు లేపితే నాకు నమ్మకం ఉండదు.

ఏ రకమైనా ఒక అలవాటు తప్పనిసరి. కాళ్లు తెరిచాక, కెమెరా పెట్టకముందు, హెడ్ కింది భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని కిందికి ఒత్తండి. రెండు సెకన్ల పని. ఒక సరస్సు ఒడ్డున తెల్లవారుజామున నేను ఇది మానేశాను. చలికి వేళ్లు సరిగ్గా మూసుకోవట్లేదు, పొగమంచు విడిపోతోంది, తొందర. కెమెరా పెట్టి చేయి తీశాను. రాళ్లవైపు ఉన్న కాలు మెల్లగా, చప్పుడు లేకుండా లోపలికి దిగిపోవడం మొదలైంది. పట్టీ నా మణికట్టుకు చుట్టి ఉండబట్టి కెమెరా నీళ్లలో పడలేదు, లెన్స్ హుడ్ మాత్రం రాయికి కొట్టుకుని పగిలింది. బిగించని లాక్ ఒక్కటే. ఆ రోజు నుంచి ఎంత తొందరలో ఉన్నా ఒత్తకుండా కెమెరా పెట్టలేదు. మీరు వేగం పెంచుకోబోతున్నారు కాబట్టి ఇది మీకు ఇంకా అవసరం.

ఇసుక, ఉప్పునీరు తగిలితే ట్విస్ట్ లాక్ కరకరలాడుతుంది, ఆ తర్వాత బిగుసుకుపోతుంది. నీళ్లలో దించాల్సి వస్తే సన్నటి అడుగు సెక్షన్‌నే ముందు పూర్తిగా లాగండి, అప్పుడు పై లాక్‌లు తడవవు. గదికి రాగానే మంచినీళ్లతో కడిగి, కాళ్లు తెరిచే ఆరబెట్టండి.

ఇక టేబుల్‌టాప్ ట్రైపాడ్. నేను మనసుపెట్టి సిఫార్సు చేసేది దీన్నే. వేగం అడిగితే నా జవాబు ఇదే. తెరవడానికి 3 సెకన్లు. లాక్‌లు లేవు, కాళ్లు విప్పడమే. లైకా టేబుల్‌టాప్ ట్రైపాడ్ తరతరాలుగా ఫోటోగ్రాఫర్ల జేబుల్లో ఉంది, మూడు కాళ్లూ పక్కపక్కన చదునుగా మడుచుకుంటాయి. మాన్‌ఫ్రోటో పిక్సీలాంటివి ఇంకా తేలిక, బటన్ నొక్కితే బాల్ వదులవుతుంది, వదిలేస్తే బిగుస్తుంది. కానీ వాటిని చిన్న లెన్సులకే ఉంచండి. మీ 24-105 బరువుకు సరైన బాల్‌హెడ్ ఉన్న గట్టిది కావాలి.

దీన్ని నేల మీదే పెట్టాలని చాలామంది అనుకుంటారు. నేల మీద పెట్టడం దాని ఉపయోగాల్లో చివరిది. గోడకు ఆనించండి. మూడు పాదాలనూ గోడకో స్తంభానికో అడ్డంగా ఒత్తిపట్టి, బాల్‌ను 90 డిగ్రీలు వాల్చి, కెమెరాను మీ కళ్ల ఎత్తులోనే పట్టుకోండి. ఎడమ చేయి ట్రైపాడ్‌ను గోడకు నొక్కి పట్టుకుంటుంది, కుడి చేయి షట్టర్ మీద. ఊపిరి సగం వదిలి ఆపి నొక్కండి. ఇలా నేను అర సెకను నుంచి ఒక సెకను దాకా పదునైన ఫోటోలు తీసుకున్నాను. స్టాబిలైజర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆన్‌లోనే ఉంచి, నాలుగైదు ఫ్రేములు వరసగా తీస్తే ఒకటైనా పదునుగా వస్తుంది. పిట్టగోడ మీద, కటకటాల మీద, మెట్టు అంచు మీద, రాతి మీద పెట్టొచ్చు. ఆనించడానికి ఏమీ లేకపోతే రెండు కాళ్లు ఛాతీకి, ఒకటి భుజానికి ఆనించి ఒత్తుకోండి, చేత్తో పట్టుకున్నదానికంటే ఎంతో మెరుగు.

ఒక పాత కట్టడంలో, సాయంత్రం మూసేముందు, వసారా స్తంభాల మధ్య నుంచి ఏటవాలు ఎండ పడుతోంది. కాపలా మనిషి అప్పటికే తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. పెద్ద ట్రైపాడ్ అక్కడ నిషేధం, ఉన్నా సమయం లేదు. జేబులోంచి ఇది తీసి స్తంభానికి ఆనించాను. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 200, లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టర్ 1/2 సెకను. ఆరు ఫ్రేములు తీసి, ఆ మనిషికి నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను. ఆరింటిలో రెండు నిక్కచ్చిగా వచ్చాయి. ఆ రెండిట్లో ఒకటి ఇప్పుడు నా గోడ మీద ఉంది, మీటరు వెడల్పు.

మ్యూజియాలు, ప్రార్థనాస్థలాలు, వ్యూ పాయింట్ల దగ్గర ట్రైపాడ్ నిషేధం మామూలే, నడిచేవాళ్ల కాళ్లకు అడ్డం కాబట్టి ఆ నియమం సబబైనదే. టేబుల్‌టాప్‌ను చాలాచోట్ల పట్టించుకోరు. అయినా నేను తీసేముందు అడుగుతాను. పాదాలకు రబ్బరు ఉండాలి, పాత గోడల మీద గీతలు పడకూడదు. పూత, చిత్రాలు, శిల్పాలు ఉన్న గోడలకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆనించకండి.

మోనోపాడ్ మీ 70-200 కోసం. ఒకే కాలు, మూడు లాక్‌లు, అయిదు సెకన్లలో సిద్ధం. గుంపులో కూడా అడ్డం కాదు, నడిచేటప్పుడు చేతికర్ర. అది కెమెరా బరువు మోస్తుంది, కిందికీ పైకీ కదలికను ఆపుతుంది. పక్కలకు ఊగడాన్ని మాత్రం మీ రెండు కాళ్లే ఆపాలి. ఎడమ పాదం ముందు, మోనోపాడ్ పాదం రెండు కాళ్లకంటే కాస్త ముందు, ఒంటి బరువు కొంచెం దాని మీదికి. జంతువులు, ఆటలు, దూరంలోని మనుషులు అయితే ఇదే కొనండి. రాత్రి దృశ్యాలకు ఇది పనికిరాదు, కింద చిన్న పాదాలు ఉన్న రకమైనా సరే. వాటి మీద కెమెరాను వదిలి చేయి తీయకండి.

మిగతావి క్లుప్తంగా. బీన్ బ్యాగ్: కారు కిటికీ మీద నుంచి తీసేటప్పుడు దీనికి సాటి లేదు. ఖాళీగా తీసుకెళ్లి, చేరాక ఏవైనా పొడి గింజలతో నింపుకుంటే బరువు ఉండదు. మడిచిన జాకెట్ కూడా అదే పని చేస్తుంది. వంగే కాళ్ల గొరిల్లాపాడ్: కొమ్మకో కటకటాలకో చుట్టడానికి బాగుంటుంది, కానీ చుట్టడానికి సమయం పడుతుంది, బరువైన లెన్స్‌కు మెల్లగా కుంగుతుంది. తాడు: 1/4 అంగుళం బోల్టుకు గట్టి తాడు కట్టి, కెమెరాకు బిగించి, కొస కాలి కింద తొక్కి పైకి లాగిపట్టుకోవడం. జేబులో పట్టే సపోర్టుల్లో అన్నిటికంటే చిన్నది ఇదే. నాకు ఒక స్టాప్ (అంటే షట్టర్‌ను రెట్టింపు సేపు తెరిచి ఉంచగలగడం), ఒక్కోసారి రెండు స్టాప్‌లు కలిసొచ్చాయి.

అసలు స్టాండ్ ఎప్పుడు అవసరం అన్నది కూడా చూసుకోవాలి, ఎందుకంటే తెరవాల్సిన పనే లేని ట్రైపాడ్‌కు మించిన వేగం లేదు. పాత లెక్క, అంటే సెకనును లెన్స్ మి.మీ.తో భాగించడం, ప్రకారం 24 మి.మీ. దగ్గర చేత్తో 1/25 సెకను దాకా దిగొచ్చు. ఒక్కో స్టాప్‌కు సమయం రెట్టింపు, కాబట్టి స్టాబిలైజర్ 5 స్టాప్‌లు నిజంగా ఇస్తే 32 రెట్లు, అంటే సుమారు 1.3 సెకన్లు. 200 మి.మీ. దగ్గర అదే లెక్కకు సుమారు 1/6 సెకను. 2020లో వచ్చిన కెనాన్ ఆర్5కు కొన్ని లెన్సులతో 8 స్టాప్‌ల దాకా అని కంపెనీ చెప్పింది. అవి పరీక్షల్లో వచ్చే అంకెలు. మెట్లెక్కి ఆయాసపడుతున్నప్పుడు నేను రెండు స్టాప్‌లు తీసేసి లెక్కపెట్టుకుంటాను. అలా చూసినా సాయంత్రపు వీధి, దీపాలున్న లోపలి గదులు, 1/4 సెకనుతో పాలనురగలా కనిపించే జలపాతం, ఇవన్నీ చేత్తోనో గోడకు ఆనించో అయిపోతాయి. స్టాబిలైజర్ కదిలే మనుషులను మాత్రం ఆపలేదు, ట్రైపాడూ ఆపలేదు. దానికి షట్టర్ వేగం పెంచాల్సిందే.

ట్రైపాడ్ తప్పనిసరి అయ్యేది రెండు సెకన్లు దాటినప్పుడు. ట్వైలైట్ ముగిసే వేళ ఐఎస్ఓ 100 దగ్గర 5 నుంచి 15 సెకన్ల ఎక్స్‌పోజర్లు, 24 మి.మీ.తో 20 సెకన్ల నక్షత్రాలు, కార్ల దీపాల గీతలు, ఒకే ఫ్రేమ్‌ను వేర్వేరు వెలుగుల్లో తీసి కలపడం. మీ ప్రయాణంలో ఇవి ఉండే సాయంత్రం ఏదో ముందే తెలిస్తే పెద్ద ట్రైపాడ్ ఆ రోజు మాత్రమే మోయండి.

కెమెరా కూడా సిద్ధంగా ఉండాలి. దీన్ని ఎవరూ వేగం కింద లెక్కపెట్టరు. ట్రైపాడ్ మీద పెట్టాక మెనూలోకి వెళ్లి ఐఎస్ఓ తగ్గించి, టైమర్ పెట్టి, స్టాబిలైజర్ ఆపేసరికి ఇంకో 20 సెకన్లు. మీ కెమెరా డయల్ మీద కస్టమ్ మోడ్ ఉంటుంది, సాధారణంగా సి1 అని రాసి ఉంటుంది. ఐఎస్ఓ 100, ఎఫ్/8, 2 సెకన్ల టైమర్, స్టాబిలైజర్ ఆఫ్, ఇవన్నీ దాంట్లో దాచేయండి. డయల్ ఒక్క గడి తిప్పితే ట్రైపాడ్ సెట్టింగులు, వెనక్కి తిప్పితే చేతి సెట్టింగులు. లెన్స్ మీద స్టాబిలైజర్ మీట ఉంటే దాన్ని మాత్రం చేత్తోనే ఆపాలి. కొన్ని కెమెరాలు ట్రైపాడ్ మీద ఉన్నట్టు తామే గుర్తిస్తాయి. అయినా పొడవైన ఎక్స్‌పోజర్లకు నేను ఆపేస్తాను, లేని కదలికను సరిచేయబోయి ఫోటో మసకబారడం పాత లెన్సులతో చాలాసార్లు చూశాను. 70-200తో 2 సెకన్ల టైమర్ చాలదు, వేలు తీశాక ఊగడం తగ్గడానికి ఇంకాసేపు పడుతుంది. 5 సెకన్లు ఉంటే అది పెట్టండి, లేదంటే 10.

ట్రైపాడ్ పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. పడవ మీద, ఇంజిన్ ఆన్‌లో ఉన్న వాహనంలో, జనం నడుస్తున్న వేలాడే వంతెన మీద దాన్ని నిలబెడితే నేల అదురంతా కెమెరాలోకి వస్తుంది. అక్కడ చేత్తో పట్టుకోవడమే మేలు, మన మోచేతులు ఆ అదురును కొంత మింగేస్తాయి. వంతెన మీద అయితే జనం తగ్గేదాకా ఆగండి. గాలి ఎక్కువగా ఉంటే బ్యాగ్‌ను సెంటర్ కాలమ్ కొక్కేనికి తగిలించొచ్చు, కానీ గాలిలో ఊగనివ్వకండి, అడుగు నేలకు తాకేలా ఉండాలి.

ఇవన్నీ చేసి, నెల రోజులు వాడి, అప్పటికీ కొత్తదే కావాలనిపిస్తే: నాలుగు సెక్షన్లు, ఫ్లిప్ లాక్, సెంటర్ కాలమ్ లేపకుండానే మీ గడ్డం దాకా వచ్చేది, ఆర్కా తరహా క్లాంప్, హెడ్‌తో కలిపి 1.5 కిలోల చుట్టుపక్కల ఉండేది చూడండి. మడిచిన పొడవు 45 సెం.మీ. లోపు ఉంటే చాలు, చాలా విమానసంస్థలు కేబిన్ బ్యాగ్‌కు పెట్టే 55 సెం.మీ. హద్దులో సులువుగా పడుతుంది. అయితే ట్రైపాడ్‌ను కేబిన్‌లోకి అనుమతించాలా వద్దా అన్నది తనిఖీ చేసేవాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే నేను పెద్దదాన్ని బట్టలతో పాటు పెట్టెలో వేసి, టేబుల్‌టాప్‌ను కెమెరాతో ఉంచుకుంటాను. కొట్లో చూసేటప్పుడు కాళ్లు తెరిచి మూసి ఆగిపోకండి, మీ కెమెరా తీసుకెళ్లి బిగించి, 70-200 వేసి, హెడ్ మీద వేలితో తట్టండి. స్క్రీన్‌ను పూర్తిగా జూమ్ చేసి చూస్తూ ఉండండి. దృశ్యం ఊగడం ఒకటి రెండు సెకన్లలో ఆగిపోవాలి.

మీ ప్రస్తుత ట్రైపాడ్ హెడ్ ఏ రకమో మీరు రాయలేదు. దాని క్లాంప్ వెడల్పు కొలిచి, నాబ్ ఉందో లివర్ ఉందో చెప్పండి. ఆర్కా ప్లేట్ పట్టకపోతే హెడ్ మొత్తం మార్చక్కర్లేదు, చాలా హెడ్‌లకు పైన క్లాంప్ ఒక్కటీ ఊడదీసి వేరేది బిగించొచ్చు. మీదానికి అది కుదురుతుందో లేదో చూసి చెబుతాను.